శుక్రవారం కదలని సొమ్ము

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా వదిన. హిందూపురంలో పొద్దున్నే ప్యాసింజరెక్కి నేరుగా ధర్మవరం వచ్చేసింది. ఫోనులో చెప్పే మాట కాదనుకుంది కాబోలు. నేను తులసమ్మకు నీళ్లు పోసి లేస్తున్నాను. ఆమె చెప్పులు కూడా విడవకుండా వాకిట్లోనే నిలబడి అంది.

"ఏమ్మే, నీ కోడల్ని దొంగ అంటాండారంట. నీకు తెల్సునా?"

కోడలంటే మా అన్న కూతురు, నా మేనకోడలు. బెంగుళూరులో పెద్దాఫీసు ఉన్న ఒక పెట్టుబడుల కంపెనీకి హిందూపురంలో చిన్న ఆఫీసు ఉంది. ఆమె అందులో పని చేస్తోంది.

"లోపలికి రా వదినా, మంచినీళ్లు తాగు" అన్నాను.

"నీళ్లు తాగనీకి రాల్యా నేను. నీ మాట పట్టుకొనే గదా అది ఈ వీధంతా తిరిగి మందిని చేర్చింది? ఇప్పుడు ఆ మంది లేనే లేరంట. ఉత్త పేర్లు రాసి లెక్క చూపించిందంట. సోమారం బెంగుళూరు నుంచి పెద్దాయన వచ్చి విచారిస్తాడంట. బిడ్డ రెండు దినాల నుంచి ముద్ద ముట్టల్యా."

చెంబు తులసికోట గట్టు మీద పెట్టాను. నా మేనకోడలు దొంగ కాదని నాకు తెలుసు. ఆమె చేర్చిన ఇరవై ఒక్క మంది ఆడవాళ్లూ మా వీధివాళ్లే, రోజూ కళ్లెదుట తిరిగేవాళ్లే. అయితే బెంగుళూరువాళ్లకు అలాంటి అనుమానం ఎందుకొచ్చిందో కూడా నాకు ఆ క్షణంలోనే అర్థమైంది. ఆ అనుమానానికి కారణం నేనే.

జరిగింది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు నాకు ఆయాసం. నాలుగడుగులు వేస్తే రొప్పు వచ్చేది. పెనుకొండలో మా నాయనకు పసుపు, కుంకుమ, కర్పూరం అమ్మే చిన్న అంగడి ఉండేది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, బేరానికీ బేరానికీ మధ్య పలక మీద అక్షరాలు దిద్దించాడు. అగరొత్తుల పెట్టెల మీది రాతలతో చదవడం నేర్చుకున్నాను. పన్నెండేళ్లు వచ్చేసరికి అంగడికి వచ్చినవాళ్ల ఉత్తరాలు, బ్యాంకు కాగితాలు నేనే చదివిపెట్టేదాన్ని. ఆ భాగ్యం ఇచ్చినందుకు మా నాయనకూ, ఆయనకు ఓర్పు ఇచ్చిన స్వామికీ ఈనాటికీ దీపం పెట్టేటప్పుడు దండం పెట్టుకుంటాను. పెళ్లై ధర్మవరం వచ్చాక నా చదువు వీధికంతా పనికొచ్చింది. నా భర్త పట్టుచీరలు నేస్తాడు. నేను మగ్గానికి దారపు కండెలు చుడతాను. వీధిలో ఎవరికి ఏ కాగితం వచ్చినా, ఏ మెసేజీ వచ్చినా మా అరుగు మీదికి తెస్తారు. నేను చదివితే నమ్ముతారు.

అందుకే మేనకోడలు తన పని గురించి మొదట నాకే చెప్పింది. ఒక ఆదివారం వచ్చి, మగ్గం గదిలో నా పక్కన కూర్చుని, నేను చుడుతున్న దారాన్ని చూస్తూ మొదలుపెట్టింది.

"మా కంపెనీ రెండు పనులు చేస్తుందత్తా. ఒకటి, పదిమంది దగ్గర కొంచెం కొంచెం డబ్బు పోగుచేసి, మంచి కంపెనీల వాటాల్లోనూ సర్కారు బాండ్లలోనూ పెట్టి చూసుకోవడం. దేంట్లో పెట్టాల, ఎప్పుడు తీయాల అని దినమంతా ఆలోచించేవాళ్లు అక్కడ ఉంటారు. రెండోది, ఆ పని జరగడానికి కావాల్సిన యంత్రమంతా తయారు చేయడం. ఫోన్లో ఖాతా తెరవడం, బ్యాంకు నుంచి డబ్బు తీసుకోవడం, నీ డబ్బు ఈ రోజు ఎంతయిందో నీ భాషలో నీకు చూపించడం, ఎవరన్నా మోసం చేస్తాంటే పట్టుకోవడం. ఆ యంత్రాన్ని మొదట మా కోసమే చేసుకున్నాం. ఇప్పుడు సొసైటీలకూ, చిన్న బ్యాంకులకూ బాడుగకిస్తాండాం."

గుంత మగ్గంలో కూర్చున్న నా భర్త దారంతో అటూ ఇటూ ఆడే నాడె ఆపి తల తిప్పాడు. "అంటే చీర నేసేటోడే మగ్గం కూడా చేసి ఊరికి బాడుగకిస్తాడన్న మాట."

"అంతే మామా!"

"ఎందుకట్లా? నేసేటోడు నేసుకుంటే సాలదా?"

"నేసేవాడికే కదా మామా తెలిసేది, మగ్గంలో ఏది యాడ గుచ్చుకుంటాదో. నేయనివాడు చేసిన మగ్గం చూసేదానికే బాగుంటాది."

"సరే, నీకు గుచ్చుకునేది నీకు తెలుస్తాది. బాడుగకు తీస్కున్నోనికి యాడ గుచ్చుకుంటాదో నీకెట్ల తెలుస్తాది?"

"అది తెలుసుకోనీకే నన్ను పంపింది" అని నవ్వింది.

నేను మాత్రం ఒక్కటే అడిగాను. "మా దుడ్లు మీ దగ్గరే ఉంటాయా తల్లీ?"

"లేదత్తా. కాగితాలు, సొమ్ము వేరే సంస్థ కాపలాలో ఉంటాయి. మేము చూసుకుంటామే గాని చేత్తో పట్టుకునేదానికి లేదు. ఇంకోటి కూడా చెప్పాల. పెరుగుతాదని నేను మాటియ్యను. తగ్గే నెలలూ ఉంటాయి. పదేండ్లు ఓపిక పట్టేవాళ్లే చేరాల."

ఆ మాటతోనే నాకు నమ్మకం కుదిరింది. అమ్ముకోవడానికి వచ్చినవాళ్లు తమ సరుకు తగ్గుతుందని చెప్పడం నేను అంతకు ముందు వినలేదు.

వారం కూలి మీద బతికేవాళ్ల కోసం వాళ్లు కొత్త పద్ధతి ఒకటి తయారు చేశారు. నెలకొకసారి కాకుండా వారానికి వంద రూపాయలు, బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే వెళ్లేలా. మొదట మా వీధిలో చేసి చూసి, సరిపోతే ఆ యంత్రాన్ని మిగతా ఊళ్లకూ, బాడుగకు తీసుకునే సంస్థలకూ ఇవ్వాలని అనుకున్నారు. మా వీధికి పని ఇచ్చే షావుకారు గురువారం నాడు కూలి డబ్బు ఖాతాలో వేస్తాడు. అది తెలుసుకుని, డబ్బు ఖర్చు కాకముందే మర్నాడు తీసుకుంటే బాగుంటుందని బెంగుళూరులో లెక్క వేశారు. తప్పు లేని లెక్కే. మేనకోడలు నాతో కలిపి ఇరవై ఒక్క మందిని మా అరుగు మీద కూర్చోబెట్టింది. ఫారం మొత్తం నేనే పైకి చదివి వినిపించాను. అడుగున చిన్న అక్షరాల్లో "ప్రతి శుక్రవారం" అని ఉంది. అదీ చదివాను. చదివిన నోటికి అది తగల్లేదు. విన్న ఇరవై జతల చెవులకూ తగల్లేదు. వారం వారమట, వందేనట అనుకుంటూ వేలు నొక్కి, కాఫీ తాగి వెళ్లిపోయారు.

మొదటి శుక్రవారం వచ్చింది.

పొద్దున తలకు పోసుకుని, గడపకు పసుపు రాసి, లక్ష్మీదేవి ముందు దీపం వెలిగించాను. పువ్వు పెడుతున్నాను. ఫోను టింగుమంది. ఎదురింట్లో టింగుమంది. ఆ పక్కింట్లోనూ. కాసేపటికి ఎదురింటి ఆమె వేళ్లకు కుంకుమ అంటుకుని ఉండగానే పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఇంకా హారతన్నా ఇయ్యలే! అమ్మవారు కూర్చోనుండంగానే వంద రూపాయలు ఇంట్లోంచి పోయినాయంట!"

మా ఇళ్లలో శుక్రవారం దీపం పెట్టాక డబ్బు గడప దాటదు. చేబదులు ఇవ్వం, చీటీ కట్టం, పాలవాడికి కూడా శనివారం రమ్మంటాం. ఆ రోజు లక్ష్మి వచ్చి కూర్చుంటుంది. వచ్చిన అతిథిని మనమే చేయి పట్టుకుని బయటికి పంపుతామా? ఇది మూఢత్వం అనేవాళ్లు అనుకోవచ్చు. నాకు అది మర్యాద.

మధ్యాహ్నానికల్లా ఇరవై ఒక్క మందీ మా అరుగు మీద ఉన్నారు. మానేద్దామని ఎవరూ అనలేదు. డబ్బు దాచుకోవడం అందరికీ నచ్చింది. ఆ పిల్ల మీద ప్రేమ కూడా ఉంది. శుక్రవారం మాత్రం వద్దు. అప్పుడు నేనన్నాను, "బేస్తవారం రాత్రికి ఖాతాలో ఏమీ ల్యాకుండా చేస్తే శుక్రవారం తీసుకునేదానికి వాళ్లకేం దొరుకుతాది?"

ఆ మాట అన్నది నేనే. ఎవరి మీదా నెట్టను.

పై గురువారం నుంచి కూలి పడగానే అందరం సందు చివర వేలిముద్ర పెట్టి డబ్బు తీసుకునే అంగడికి వెళ్లేవాళ్లం. శుక్రవారమంతా డబ్బు దేవుడి పెట్టె పక్కన ఉండేది. శనివారం పోయి మళ్లీ ఖాతాలో వేసేవాళ్లం. ఆ అంగడి ఆయనకు మేమంటే వినోదం.

"ఏమక్కా, బేస్తారం తీస్తారు, శనారం వేస్తారు. మీ దుడ్లకు తిరుగుడు ఎక్కువైంది. నా మిషను అరిగిపోతాది."

"అరిగితే కొత్తది కొనుక్కో. మేమంతా వచ్చేదే నీ అంగడికి గదా" అనేది ఎదురింటి ఆమె.

వంద దొరకని వారమల్లా బ్యాంకువాళ్లు జరిమానా కోసుకున్నారు. మౌనంగా భరించాం. శనివారం ఖాతాలో డబ్బు ఉంది కదా, అప్పుడన్నా తీసుకోవచ్చు కదా అని మాలో మేము అనుకునేవాళ్లం. యంత్రానికి చెప్పిన రోజు తప్ప ఇంకో రోజు తెలియదని మాకెలా తెలుస్తుంది?

రెండు మూడు వారాలకు మేనకోడలు ఫోను చేసింది.

"అత్తా, డబ్బు దొరకడం లేదని వస్తాండాది. అందరికీ ఏమన్నా ఇబ్బందా?"

"ఇంట్లో అవసరాలు తల్లీ" అన్నాను.

ఆ ఒక్క మాటకు నేను ఇప్పటికీ సిగ్గుపడతాను. నిజం చెబితే ఆ పిల్ల బెంగుళూరులో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ల ముందు నిలబడి "మా అత్తలు శుక్రవారం డబ్బు ఇవ్వరంట" అని చెప్పుకోవాలి. వాళ్లు నవ్వుతారు. ఆమె తల దించుకుంటుంది. ఆమె పరువు కాపాడుతున్నానని అనుకున్నాను. దేవుడి మాట నలుగురి నోళ్లలో పడకూడదనీ అనుకున్నాను. మిగతా ఆడవాళ్లదీ అదే ఆలోచన. అందరం కలిసి, ప్రేమతోనే, ఆ పిల్లను ముంచాం.

చేరేటప్పుడే మా బ్యాంకు ఖాతాలు చూసేందుకు ఒప్పుకున్నాం కాబట్టి బెంగుళూరులో యంత్రానికి లావాదేవీలన్నీ తెలుస్తాయి, కానీ దానికి కనిపించింది వేరు. ఇరవై ఒక్క ఖాతాలు. అన్నీ ఒకే సాయంత్రం, ఒకే అంగడిలో ఖాళీ అవుతాయి. అన్నీ ఒకే రోజు మళ్లీ నిండుతాయి. వేర్వేరు ఇళ్లలో ఉండే మనుషులు అలా చేయరు. ఎవరో ఒకరే ఇరవై ఒక్క పేర్లు పెట్టుకుని ఆడిస్తున్నట్టు ఉంది. మోసం పట్టుకోవడానికి చేసిన యంత్రం ఆ ఖాతాలన్నిటికీ ఎర్రగుర్తు పెట్టింది. వాటిని చేర్పించింది ఎవరని చూస్తే ఒకే ఒక్క పేరు, మా పిల్లది. ఇంట్లో సంగతే కదా అని ఆ కంపెనీ దాన్ని పక్కన పెట్టలేదు. అదే యంత్రాన్ని పదిమందికి బాడుగకిచ్చేవాళ్లు, తమ ఇంటి ఎర్రగుర్తును తామే తుడుచుకుంటే ఇంకెవరు నమ్ముతారు? ఆ పట్టుదలను నేను ఇప్పుడు గౌరవిస్తాను. 

వాకిట్లో నిలబడ్డ వదినకు ఇదంతా చెప్పాను. ఆమె అప్పుడు చెప్పులు విడిచింది. లోపలికొచ్చి కూర్చుని, నన్ను ఎగాదిగా చూసింది.

"శుక్రవారమా? ఆ ముక్క బిడ్డతో చెప్పింటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా నీకు? ఊరికంతా కాగితాలు చదివి చెప్తావే, నీ కడుపులో మాట చెప్పేదానికి చదువు రాల్యా?"

చెంబుతో నీళ్లిచ్చాను. ఆమె చెంబెడు నీళ్లు గటగటా తాగింది. మూతి తుడుచుకుంది. గొంతు తగ్గించి అంది, "ఏమాటకామాట, నా ఫోను మోగింటే నేనూ అదే పని చేసిందును."

ఆ సాయంత్రమే అందరినీ మగ్గం గదిలోకి పిలిచాను. సోమవారం హిందూపురం పోయి నిజం చెబుదామన్నాను. ఒక్కసారిగా గోల లేచింది.

"బెంగుళూరోళ్ల ముందర మన పూజల మాట యాల అక్కా? నగుతారు."

"షావుకారు కూలి సరిగ్గా వేయల్యా అని చెప్పుదాం."

"ఆయన వింటే ఉన్న పని కూడా పోతాది. అందరికీ జరాలు వచ్చినాయని చెప్పుదాం."

"అందరికీ బేస్తవారమే జరమొస్తాదా?"

నవ్వులు. ఆ నవ్వుల మధ్యలో, గోడకానుకుని కూర్చున్న అవ్వ మాట్లాడింది. వీధి చివర ఒంటరిగా ఉంటుంది. డెబ్బై దాటింది. ఆమె చుట్టిన కండెలో దారం తెగదని నేతగాళ్లు అడిగి తీసుకుంటారు. సంతకం రాదు. ఫోను కూడా బొత్తాల ఫోను, మెసేజీ వస్తే నా దగ్గరికి పట్టుకొస్తుంది. అలాంటి మనిషి మా అందరికంటే ముందు వేలు పెట్టి చేరింది.

"అబద్ధం చెప్పేదానికైతే నేను రాను" అంది. "నిజం చెప్పేదానికైతే నా టికెట్టు నేనే తీసుకుంటా."

ఎదురింటి ఆమె లేచి, "నేనూ వస్తా" అంది.

సోమవారం పొద్దున అవ్వ, ఎదురింటి ఆమె, ఇంకో ముగ్గురు, నేను ప్యాసింజరెక్కాం. మిగతావాళ్లు మగ్గాలు వదలలేక ఆధార్ కార్డులు ఇచ్చి పంపారు. పెనుకొండ గుట్ట కనబడేసరికి నాయన గుర్తొచ్చాడు. తప్పు చదివితే కోప్పడేవాడు కాదు. చదివింది అర్థం చేసుకోకపోతే మాత్రం పలక తీసేసుకునేవాడు. నా కళ్లు తుడుచుకోవడం అవ్వ చూసింది.

"ఏమ్మే, ఏమైంది?"

"భయంగా ఉండాదవ్వా."

"దేనికి? పూజ చేసుకుంటే తప్పా?"

"అది కాదవ్వా. ఆ పిల్లతో దాచినాం గదా."

"అది తప్పే. దానికి భయపడు. పూజకు భయపడొద్దు" అని సంచిలోంచి బొరుగుల పొట్లం తీసి నా ఒళ్లో పెట్టింది. "తిను. కాలే కడుపుతో నిజం గట్టిగా రాదు."

హిందూపురం ఆఫీసు ఒక మందుల షాపు పైన ఉంది. మెట్లెక్కేసరికి మేనకోడలు గాజు తలుపు వెనక నిలబడి ఉంది. మేము వస్తామని ఆమెకు తెలియదు. కళ్లు వాచి ఉన్నాయి. నన్ను చూసి ఒక అడుగు ముందుకేసి, ఆగిపోయింది. బెంగుళూరు నుంచి వచ్చిన అధికారి లోపల ఉన్నాడు. కన్నడం మాట్లాడేవాడు. తెలుగు బాగానే వచ్చు. మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోమని, నీళ్లు తెప్పించి, కార్డులన్నీ చూసి, వచ్చినవాళ్లవి ముఖాలతో సరిచూశాడు.

"మీరు నిజంగా ఉన్నారన్న మాట" అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు.

"ఉండాం సామీ. అనుమానముంటే గిల్లి చూసుకో" అంది అవ్వ.

ఆయన నవ్వలేదు. కంప్యూటర్ మా వైపు తిప్పాడు. గీతలు, చుక్కలు. ప్రతి గురువారం దగ్గరా అన్నీ ఒకేసారి కిందికి పడుతున్నాయి. "నాకు ఇదొక్కటే చెప్పండమ్మా. అందరూ ఒకే సాయంత్రం, ఒకే అంగడిలో డబ్బు ఎందుకు తీసేస్తారు? మీకు ఎవరు చెప్పారు?"

చెప్పాల్సింది నేను. చదువుకున్నది నేను. నోరు తెరిచాను. మాట రాలేదు.

అవ్వ ముందుకు వంగింది. "నీ మిషను శుక్రవారం దుడ్లు తీస్తాండాది సామీ. శుక్రవారం దీపం పెట్టినాక మా ఇంట్లోంచి దుడ్లు పోవు. అందుకని ముందే తీసి పెట్టుకున్యాం. శనారం మళ్లా వేసినాం. అంతే. ఇందులో ఎవరి దొంగతనమూ ల్యా."

ఆయన కళ్లద్దాలు సర్దుకున్నాడు. "కానీ అవ్వా, అది ఖర్చు కాదు. మీ డబ్బు మీదే. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి మారుతుంది అంతే."

"ఆ రెండో పెట్టె మా ఇంట్లో ఉండాదా?"

"ఇంట్లో లేదు."

"అయితే పోయినట్టే గదా. శుక్రవారం వద్దు. మిగతా దినాలు తీస్కో, నీకేం తక్కువైతాది?"

అప్పుడు నాకు గొంతు వచ్చింది. లేచి నిలబడ్డాను. "ఖాతాలు ఖాళీ చేద్దామన్న మాట నాది సార్. వీళ్లు నా మాట విన్నారు. మా కోడలు అడిగితే నేనే అబద్ధం చెప్పినాను. ఆమెకు ఏమీ తెలియదు."

మేనకోడలు నోటి మీద చేయి పెట్టుకుని నన్నే చూస్తోంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "శుక్రవారమా అత్తా?" అంది నెమ్మదిగా. తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఇది నేను అడిగి తెలుసుకోవాల్సింది సార్. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగినాను. మా అమ్మా శుక్రవారం ఇవ్వదు. ఫారం చేసేటప్పుడు నాకే తట్టల్యా."

ఆయన కంప్యూటర్ మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. తర్వాత కాగితం తీసుకున్నాడు.

"మంగళవారం?"

"మంగళారమూ వద్దు" అంది అవ్వ.

"అమావాస్య?"

"అమాస నాడు మగ్గమే నిలిపేస్తాం. దుడ్లెట్ల పంపుతాం?"

"సోమవారం?"

"సోమారం నిశ్చింతగా తీస్కో."

కలం మూసి ఆయన మొదటిసారి నవ్వాడు. "మా అమ్మ కూడా శుక్రవారం బీరువా తాళం తీయదు. ఆ యంత్రం చేసినవాళ్లలో నేనొకణ్ణి. మేము వేసిన లెక్కలో మా అమ్మే లేదు" అన్నాడు.

ఎర్రగుర్తులు తీసేయమని మా ముందే బెంగుళూరుకు రాశాడు. రాసింది మాకు తెలుగులో చెప్పాడు. తప్పు పద్ధతిదనీ, ఉద్యోగిది కాదనీ, ఖాతాదారులది కాదనీ. బ్యాంకు కోసుకున్న జరిమానా కంపెనీయే ఇస్తుందన్నాడు. మేనకోడలు వచ్చి అవ్వ కాళ్లకు దండం పెట్టింది. అవ్వ ఆమె చెంప తట్టి, "ముందు పోయి అన్నం తినుపో" అంది. తర్వాత ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. నా చేతి కింద చేయి వేసి, మెట్ల కింది దాకా నడిపించింది. ఆ క్షమకు నేను రుణపడి ఉన్నాను.

కొన్ని వారాలకు మళ్లీ ఫోను చేసింది. యంత్రంలో కొత్త ప్రశ్న ఒకటి చేరుస్తున్నారట. డబ్బు తీసుకునే రోజు నిర్ణయించకముందే అది అడుగుతారట.

"తెలుగులో ఎట్ల రాయాలో చెప్పత్తా. బెంగుళూరువాళ్లు 'మీకు మంచిది కాని రోజులు ఏవి' అని రాసినారు."

"అయ్యో, కాదు తల్లీ. శుక్రవారం మంచిది కాకపోవడమేంది? అంతకంటే మంచి రోజు ఏది? మంచిదని గదా ఇంట్లో ఉంచుకునేది."

ఒక రోజంతా ఆలోచించాను. కండెలు చుడుతూ, పప్పు ఎసట్లో పోస్తూ నోట్లో పలికి చూసుకున్నాను. రాత్రి పూజయ్యాక ఫోను చేసి చెప్పాను. "ఏ రోజున మీ డబ్బు మీ ఇంట్లోనే ఉండాలి?" అలాగే రాశారు. ఒక్క అక్షరం మార్చలేదు. అచ్చులో నా మాట చూసుకోవడం నాకు అదే మొదటిసారి. బడి ముఖం చూడని నా మాట! నాయన ఉంటే ఆ ఫోను తీసుకెళ్లి అంగడికి వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు.

మా వీధిలో ఇప్పుడు సోమవారం ఫోన్లు టింగుమంటాయి. ఎవరూ పరుగెత్తుకు రారు. తగ్గిన నెలలూ వచ్చాయి. ఎదురింటి ఆమె ఒకసారి ఫోను పట్టుకుని ముఖం వేలాడేసుకుని వచ్చింది. మేనకోడలు మొదటి రోజు చెప్పింది గుర్తుచేసి పంపాను. ఎవరూ మానుకోలేదు. కొత్తగా చేరినవాళ్లూ ఉన్నారు.

యంత్రాన్ని బాడుగకు తీసుకున్నవాళ్లందరికీ ఆ ప్రశ్న కూడా దానితోపాటే వెళుతోంది. ముదిగుబ్బ వైపు గొర్రెలు కాచేవాళ్లు సంత రోజు వద్దన్నారట. ఆ రోజు చేతిలో డబ్బు ఆడాలి కదా. ఇంకో ఊళ్లో ఒకావిడ తన పెళ్లిరోజు పెట్టిందట. మేనకోడలు చెప్పి చెప్పి నవ్వుతుంది. ఇప్పుడు కొత్త ఊరికి ఏ పద్ధతి పంపాలన్నా ముందు ఆమెనే అక్కడికి పంపుతారు. పోయి, అరుగుల మీద కూర్చుని, అడిగి రావాలి. అదే ఆమె ఉద్యోగం. మొన్న మా వదిన వచ్చి, ఈసారి చెప్పులు ముందే విడిచి, "నీ కోడల్ని మేడమ్ అంటాండారే ఇప్పుడు" అంది. మెటికలు విరిచి దిష్టి కూడా తీసింది.

ఇదంతా రాస్తున్నానని అవ్వకు చెప్పాను. కండె చుడుతూనే ఉంది. "రాయి. నా పేరు మాత్రం యాడా పెట్టొద్దు. దిష్టి తగులుతాది" అంది. అందుకే పెట్టలేదు. ఆ ప్రశ్న కింద కూడా ఎవరి పేరూ ఉండదు. కానీ ఆ గదిలో చదువుకున్న నేను నోరు తెరవలేకపోయిన ఆ ఒక్క నిమిషంలో ఆమె మాట్లాడకపోయి ఉంటే, ఒక నిజాయితీపరురాలి మీద దొంగ అన్న మాట అలాగే ఉండిపోయేది.

ఇది చదివినవారిని ఒక్కటే వేడుకుంటున్నాను. ఎప్పుడైనా మీ ఫోను మిమ్మల్ని ఏ రోజున మీ డబ్బు మీ ఇంట్లోనే ఉండాలని అడిగితే, జవాబు నొక్కే ముందు, ధర్మవరంలో పట్టు కండెలు చుట్టుకునే ఆ అవ్వను ఒక్కసారి తలుచుకోండి.